లాగితే విరిగే ఇనుము

గిద్దలూరు ఘాటు దిగిన లారీ తెల్లారేసరికి నంద్యాల గాంధీచౌకు వెనక సందులో ఆగింది. టార్పాలిన్ కింద మా చిన్నాయన గుంటూరులో కొన్న ట్రెడిల్ మిషన్ ఉంది. అక్కడ ఒక ప్రెస్సు మూతపడితే సెకండ్‌హ్యాండ్‌లో బేరమాడి తెప్పించుకున్నాడు. 1980ల నాటి మాట. మహానంది శివరాత్రి తిరణాలకు ఇంకా మూడు వారాలుంది. తిరణాల కరపత్రాలకు, అంగళ్ల వాళ్ల బిల్లు పుస్తకాలకు అప్పటికే అడ్వాన్సులు తీసుకుని ఉన్నాడు.

మిషన్ దించకముందే చిన్నాయన లారీ ఎక్కి, స్పానరుతో ఒక్కో భాగాన్నీ తట్టడం మొదలుపెట్టాడు. సంతలో కుండ కొనేవాళ్లు వేలితో కొట్టి చూస్తారే, అట్లా. ఫ్రేము ఖంగుమంది. చక్రం ఖంగుమంది. మిషన్‌కు ఇరుపక్కలా ఉండే రెండు ఇనుప చేతుల్లో కుడిది కూడా ఖంగుమంది. ఎడమ చేతి దగ్గర మాత్రం చప్పుడు టక్కుమని అక్కడే చచ్చిపోయింది.

“పగిలిండాది,” అన్నాడు.

మాకెవరికీ ఏమీ కనపడలేదు. కిరసనాయిలు గుడ్డతో ఆ చోట రుద్ది, కాసేపు ఆగి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి పూశాడు. నిమిషం గడవకముందే తెల్లటి పొడి మీద వెంట్రుక మందాన తడి గీత ఒకటి తేలింది. పగులులోకి దిగిన కిరసనాయిలును సుద్ద బయటికి పీల్చింది. గీత చేతి వెడల్పులో ముక్కాలు వంతు దాకా పాకి ఆగింది.

లారీలో మిషన్ కదలకుండా మోకు ఆ చేతికే బిగించి కట్టారు. ఘాటులో మలుపు తిరిగినప్పుడల్లా అర టన్ను బరువు ఆ ఒక్క చేతిని పట్టుకు ఊగింది. “పట్టు బాగుంది గదా అని కట్టినాం సామీ,” అన్నాడు క్లీనరు. చిన్నాయన అతన్ని ఏమీ అనలేదు. మనిషి చేతిని పట్టుకుని లాగొచ్చు గానీ బీడు చేతిని లాగకూడదని వాడికెవరు చెప్పారు?

బండలు నిలబడే ప్రయాణిస్తాయి

బేతంచెర్ల బండలు తీసుకుపోయే లారీని ఎప్పుడైనా చూశారా? బండలన్నీ అంచు మీద నిలబడి ఉంటాయి. పడుకోబెట్టి తీసుకుపోతే గుంతలో చక్రం పడ్డప్పుడు నడుమకు విరుగుతాయి. వంగిన బండకు పైభాగం నొక్కుకుంటుంది, కింది భాగం సాగుతుంది. రాయి నొక్కుడును ఓర్చుకుంటుంది, సాగడం దాని చేతకాదు. మహానంది మండపంలో స్తంభాలు దగ్గరదగ్గరగా ఉండటం అందం కోసమే కాదు. స్తంభానికీ స్తంభానికీ మధ్య ఎడం పెరిగేకొద్దీ పైనున్న దూలపు రాయి కింది అంచు మీద లాగుడు పెరుగుతుంది. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే శిల్పులకు కూడా ఇది చేతుల్లో ఉన్న విద్యే. ఉలి పెట్టేముందు లోపల పగులుందేమోనని రాతిని కొట్టి చప్పుడు వింటారు.

ఇనుముల్లో రాయి లాంటిది బీడు, అంటే పోత ఇనుము. మామూలు మైల్డ్ స్టీలులో కార్బన్ 0.2 శాతం దగ్గర ఉంటుంది. బీడులో 2.5 నుంచి 4 శాతం. కరిగిన బీడు చల్లారేటప్పుడు ఆ కార్బన్‌లో ఎక్కువ భాగం ఇనుములోంచి విడిపోయి, సన్నటి రేకుల్లాంటి గ్రాఫైట్‌గా లోపలే మిగిలిపోతుంది. పెన్సిల్ ములుకులో ఉండేది కూడా ఈ గ్రాఫైటే. విరిగిన బీడు ముఖాన్ని వేలితో రాస్తే నల్లటి మసి అంటుకోవడానికి కారణం ఇదే.

ఈ రేకుల వల్ల లాభాలున్నాయి. బీడు సులువుగా అచ్చులోకి పారుతుంది, లేతు మీద మెత్తగా తెగుతుంది, అదురును తనలోనే మింగేస్తుంది. అందుకే యంత్రాల వాళ్లకు అదంటే ప్రాణం. కానీ లాగినప్పుడు ఒక్కో రేకూ ముందే పడిన చిన్న పగులులా పనిచేస్తుంది. నొక్కుడుకు బీడు చూపే బలం లాగుడుకు చూపేదానికి మూడు నాలుగు రెట్లు. స్టీలు కడ్డీని లాగితే తెగేముందు సాగి హెచ్చరిస్తుంది. బీడు నూటికి ఒక వంతు కూడా సాగకుండానే టప్పుమంటుంది.

నొక్కేదే లాగుతుంది

ప్రెస్సు అంటే నొక్కేది. నొక్కుడుకు లొంగని ఇనుముతో నొక్కే యంత్రం చేస్తే ఇబ్బందేమిటి? ఇబ్బంది న్యూటన్ మూడో సూత్రం దగ్గర వస్తుంది. కాగితం మీద ఒక టన్ను నొక్కుడు పడితే, ఆ నొక్కుడును పట్టి ఉంచే చట్రం మీద టన్ను లాగుడు పడుతుంది. అచ్చు యంత్రాల పుట్టుక నుంచి చివరిదాకా జరిగిన పోరాటం ఈ లాగుడుతోనే.

1450 ప్రాంతంలో మైంజ్ నగరంలో గూటెన్‌బర్గ్ వాడింది ద్రాక్షలు పిండే ప్రెస్సుల తరహాలో చేసిన కొయ్య యంత్రం. కొయ్య సాగుతుంది, మూలుగుతుంది, కానీ ఒక్కసారిగా విరగదు. అందుకే మూడున్నర శతాబ్దాలు నడిచింది. దానికి ఓపిక ఉంది గానీ బలం చాలదు. పెద్ద పేజీని పిడి రెండుసార్లు లాగి అచ్చేయాల్సి వచ్చేది.

1800 ప్రాంతంలో ఇంగ్లండులో ఛార్లెస్ స్టాన్‌హోప్ ప్రభువు, రాబర్ట్ వాకర్ అనే కమ్మరితో మొత్తం ఇనుముతో ప్రెస్సు చేయించాడు. నొక్కే స్క్రూకు మీటలు జోడించాడు. ఈ మీటల గొప్పతనం ఏమిటంటే, పిడి తిరిగేకొద్దీ బలం పెరిగి, చివర్లో అచ్చు కాగితాన్ని తాకే క్షణానికి గరిష్ఠానికి చేరుతుంది. పిడిని ఒక్కసారి లాగితే పెద్ద పేజీ అచ్చయింది. కానీ తొలి స్టాన్‌హోప్ ప్రెస్సుల బీడు చట్రాలు పగిలిపోయాయి. నిటారుగా ఉన్న పక్కలు చట్రం మీద పడే లాగుడును మోయలేకపోయాయి. కొన్నేళ్లకే చట్రం పక్కలను గుండ్రంగా, లావుగా మార్చి పోతపోయాల్సి వచ్చింది. తెలిసిన చూపుతో చూస్తే, పాత స్టాన్‌హోప్ ప్రెస్సు పొట్ట ఉబ్బి కనిపించడం ఒక తప్పు దిద్దుకున్న గుర్తు.

దారి తప్పిన ప్రెస్సులు

సెకండ్‌హ్యాండ్ ప్రెస్సు దారిలో దెబ్బతినడం మా చిన్నాయనతో మొదలైన కష్టం కాదు. ఇండియాలో అచ్చు మొదలైందే దారిలో ఆగిపోయిన సరుకుతో. 1556లో అబిసీనియాకు (నేటి ఇథియోపియాకు) పోవాల్సిన ప్రెస్సు గోవాలో దిగి అక్కడే ఉండిపోయింది. తరంగంబాడి మిషనరీల కోసం 1711లో ఇంగ్లండు నుంచి బయల్దేరిన ప్రెస్సు బ్రెజిల్ తీరంలో ఫ్రెంచి వాళ్ల చేతికి చిక్కింది. డబ్బు కట్టి విడిపిస్తే ఓడ మళ్లీ కదిలింది. ప్రెస్సు నడపడానికి వస్తున్న యోనాస్ ఫింక్ మాత్రం దారిలోనే చనిపోయాడు. 1712లో యంత్రం చేరింది, దాన్ని నడిపే మనిషి చేరలేదు.

1761లో పుదుచ్చేరిని పట్టుకున్న బ్రిటిష్ సేనాని ఐర్ కూట్ అక్కడి ఫ్రెంచి ప్రెస్సును మద్రాసుకు తరలించాడు. అక్కడి వేపేరిలో మిషనరీ ఫాబ్రిసియస్ దానితో అచ్చు పని చేయించాడు. అదీ సెకండ్‌హ్యాండ్ సరుకే. ఇక తెలుగు అచ్చు పుస్తకాల ప్రయాణం ఎదురు దిశలో సాగింది. మద్రాసులో తెలుగు నేర్చుకున్న మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1746–47లో జర్మనీలోని హాలెలో తెలుగు పుస్తకాలు అచ్చేయించాడు.

కాలితో తొక్కే ప్రెస్సు

మా ఇంటికొచ్చిన ట్రెడిల్ వంశానికి మూలపురుషుడు న్యూయార్క్ ముద్రాపకుడు జార్జ్ ఫినియాస్ గోర్డన్. 1851లో పేటెంటు తీసుకున్నాడు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ కలలోకి వచ్చి ఈ యంత్రాన్ని చూపించాడని చెప్పేవాడంటారు. తన ప్రెస్సుకు ఫ్రాంక్లిన్ పేరే పెట్టుకున్నాడు. పేటెంట్లు తీరాక అదే నమూనాను చాలామంది చేశారు. 1881లో క్లీవ్‌లాండ్‌లో మొదలైన ఛాండ్లర్ అండ్ ప్రైస్ కంపెనీ పేరు వాటిలో ఎక్కువగా వినిపించింది. ఆ నమూనాకు నకళ్లు మన చిన్న ఊళ్ల ప్రెస్సుల దాకా వచ్చాయి.

ట్రెడిల్ రెండు పలకల నోరు. ఒక పలక మీద సీసపు అక్షరాల ఫారం, ఇంకో పలక మీద కాగితం. కాలితో తొక్కితే పెద్ద చక్రం తిరుగుతుంది, నోరు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. తెరుచుకున్నప్పుడు కుడిచేత్తో కాగితం పెట్టి, ఎడమచేత్తో అచ్చయింది తీయాలి. చెయ్యి తిరిగినవాళ్లు గంటకు వెయ్యి దాకా తీస్తారు. ఆ నోటిని గట్టిగా మూసేది ఇరుపక్కల ఉండే రెండు చేతులు. ఒక పలకను ఇంకో పలక మీదికి అవే లాగుతాయి. అంటే యంత్రం మొత్తంలో లాగుడంతా మోసేది ఆ రెండే. వాటిలో ఒకటి మాకు పగిలి వచ్చింది.

వెలిగారం, బూడిద

చెయ్యి విప్పి, గోనెసంచిలో చుట్టి, సైకిలు మీద వెల్డింగ్ భాయ్ దగ్గరికి తీసుకుపోయాం. భాయ్ సుద్ద గీతను చాలాసేపు చూశాడు.

“అర్జెంటంటే చెయ్యనన్నా. బీడుకు కోపమెక్కువ. యాడ వేడి పెడితే ఆడ ఉబ్బుతాది, పక్కది కదలదు. చల్లారేటప్పుడు లాక్కొని ఇంకోచోట టప్పుమంటాది.”

“తిరణాలుండాది భాయ్.”

“తిరణాలకు ముందే ఇస్తా. రేపంటే మాత్రం ఇయ్యను.”

ఆయన మొదట చేసింది అతికించడం కాదు. పగులు ఆగిన చోట చిన్న రంధ్రం తొలిచాడు. పగిలినదానికి ఇంకో బెజ్జమెందుకని నేనడిగితే నవ్వాడు. జవాబు నాకు ఇంజనీరింగు పుస్తకాల్లో దొరికింది. పగులు కొన ఎంత సూదిగా ఉంటే, లాగుడంతా అక్కడ అంత గుమిగూడుతుందని ఇంగ్లిస్ అనే ఇంజనీరు 1913లో లెక్కగట్టాడు. గాజు ఎందుకంత తేలిగ్గా విరుగుతుందో 1920ల మొదట్లో గ్రిఫిత్ అనే ఇంకో ఇంజనీరు చిన్న చిన్న పగుళ్లతోనే వివరించాడు. సూది కొనను గుండ్రంగా మారిస్తే పగులుకు ముందుకు పాకే బలం తగ్గుతుంది. ఆ ఇద్దరి పేర్లూ వినని భాయ్ చేతిలోని డ్రిల్లు కూడా అదే పని చేసింది.

తర్వాత పగులు పొడవునా వి ఆకారంలో గాడి తీశాడు. చివరి మెరుగు ఆకురాయితోనే పెట్టాడు. గ్రైండరు చక్రం గ్రాఫైటును ముఖమంతా పులుముతుంది, దాని మీద ఇత్తడి అంటదు. బొగ్గుల మీద చేతి మొత్తాన్నీ నెమ్మదిగా వేడిచేశాడు. ఎండుపుల్లతో రాసి చూశాడు. పుల్ల నల్లబడి పొగ వచ్చాకే గ్యాసు ముట్టించాడు. వెలిగారం చల్లి, ఇత్తడి కడ్డీ కరిగించి గాడిలోకి పారించాడు.

ఇనుముకు ఇత్తడి అతుకా అని అనుమానం రావచ్చు. ఇత్తడి కడ్డీ 900 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. బీడు కరగాలంటే 1150 దాటాలి. అంటే ఈ పద్ధతిలో బీడు కరగదు, కరిగిన ఇత్తడే దాని ముఖాన్ని తడిపి పట్టుకుంటుంది. అట్లా కాక బీడునే కరిగించి, గబగబా చల్లారనిస్తే లోపలి కార్బన్‌కు గ్రాఫైటుగా విడిపోయే తీరిక దొరకదు. ఇనుముతో కలిసి గాజులాంటి గట్టి పదార్థమవుతుంది. ఆకురాయి కూడా దాన్ని కొరకలేదు.

అతుకు పడగానే చెయ్యిని డబ్బాలోని కట్టెల బూడిదలో పూడ్చేశాడు. “ఇంక దీన్ని మరిచిపో,” అన్నాడు. మర్నాడు పొద్దున బూడిదలో చెయ్యి పెడితే ఇంకా గోరువెచ్చగా ఉంది. ఆ రోజంతా దాన్ని ముట్టుకోనివ్వలేదు. మూడో రోజు బయటికి తీసి సుత్తితో తట్టాడు. ఖంగుమంది.

టిష్యూ కాగితం మందం

చెయ్యి బిగించి మొదటి ప్రూఫు తీస్తే ఎడమ పక్క అక్షరాలు కాగితంలోకి దిగబడ్డాయి. కుడి పక్క అక్షరాలు వెలిసిపోయినట్టు వచ్చాయి. ఇత్తడి చల్లారేటప్పుడు ముడుచుకుని ఎడమ చెయ్యిని రవ్వంత కురచ చేసింది. కురచ చెయ్యి గట్టిగా లాగుతుంది. చిన్నాయన పలక వెనక బోల్టులు కాస్త కాస్త తిప్పి సగం సరిచేశాడు. మిగిలిన సగాన్ని కుడి పక్కన కాగితం కింద టిష్యూ ముక్కలు అతికించి సరిచేశాడు. మామూలు కాగితం మందం మిల్లీమీటరులో దాదాపు పదో వంతు. టిష్యూ అందులో మూడో వంతు. ఒకటి అతికించడం, ప్రూఫు తీయడం, దీపం దగ్గర వెనక్కి తిప్పి వేలితో తడమడం. అట్లా నాలుగు ముక్కలు పడ్డాయి. అర్ధరాత్రి దాటాక తీసిన ప్రూఫులో ‘మహానంది’లోని ‘మ’ నుంచి ‘ది’ దాకా అన్ని అక్షరాలూ ఒకే నలుపులో వచ్చాయి.

భాయ్ చెప్పిన బీడు కోపాన్ని కూడా మనుషులు తగ్గించారు. 1943లో కీత్ మిల్లిస్ అనే లోహ శాస్త్రవేత్త కరిగిన బీడులో కొంచెం మెగ్నీషియం కలిపి చూశాడు. గ్రాఫైట్ రేకులుగా కాకుండా గుండ్రటి గోళీలుగా గడ్డకట్టింది. గోళీకి సూది కొన ఉండదు. ఆ ఇనుము విరగకుండా వంగుతుంది. శ్రీకాళహస్తి దగ్గర రాచగున్నేరిలో తయారయ్యే డీఐ (డక్టైల్ ఐరన్) నీటి పైపులు ఆ జాతివే. భాయ్ డ్రిల్లుతో ఒక్క పగులుకు చేసిన పనిని, మెగ్నీషియం పోతలోనే అన్ని పగుళ్లకూ చేస్తుంది.

మా ట్రెడిల్ ఆ తర్వాత చాలా శివరాత్రులు చూసింది. ఆఫ్‌సెట్ ముద్రణ వచ్చి కరపత్రాల పని తీసుకుపోయాక బిల్లు పుస్తకాలకు నంబర్లు వేసింది, చింపుకునే గీతలు కొట్టింది. చివరికి పాత ఇనుము అంగడతను వచ్చాడు. మొత్తంగా మోసుకుపోలేక సమ్మెటతో అక్కడే ముక్కలు చేశాడు. ఎడమ చెయ్యి ఏడో దెబ్బకు విరిగింది. చిన్నాయన వంగి ఆ ముక్క తీసి చూశాడు. ఇత్తడి గీత చెక్కుచెదరలేదు. దానికి మూడంగుళాల అవతల, ఎప్పుడూ పగలని చోట కొత్తగా విరిగింది.

“భాయ్‌కి చెప్పాల,” అన్నాడు.