వినబడుతోందా?

మా అన్నయ్య మనవడు ఇంజనీరింగు చదువుతూ చదువుతూ, ఇంట్లో ఎవరితోనూ చెప్పకుండా ఓ ఆట తయారుచేశాడు. చదరంగం, కేరంబోర్డు లాంటిది కాదు, కంప్యూటరులో ఆడేది. పావుగంటలో అయిపోతుంది. దాన్ని తెలిసినవాళ్ళు ఇరవై ఇద్దరిచేత ఆడించి, ఒక్కొక్కరిచేతా అరఠావు మీద అభిప్రాయం వ్రాయించాడు. ఎక్కడ భయం వేసింది, ఎక్కడ విసుగు పుట్టింది, ఎక్కడ మానేద్దామనిపించింది, ఇవీ ప్రశ్నలు. ఆ కాగితాల కట్ట పట్టుకుని ఓ ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చాడు.

"చిన్నతాతయ్యా, వీటిల్లో ఏది వినాలో, ఏది విననక్కర్లేదో నువ్వు చెప్పాలి" అన్నాడు.

భయం సంగతి అడుగుతున్నాడంటే అది భయపెట్టే ఆటేనని మీరు గ్రహించే వుంటారు. అయితే ఇందులో దయ్యాలు పళ్ళికిలించవు. ఈ తరహాను "అనలాగ్ హారర్" అంటారట. పాతకాలపు టెలివిజన్ ప్రసారంలాగా, అరిగిపోయిన వీడియో టేపులాగా కనిపించే బొమ్మలతో గుండె జల్లుమనిపించడం దీని పద్ధతి. 2015లో అమెరికాలో క్రిస్ స్ట్రాబ్ అనే ఆయన "లోకల్ 58" పేరుతో చిన్న చిన్న చిత్రాలు మొదలుపెట్టి దీనికి బాట వేశాడు. అది ఒక వూరి టెలివిజన్ స్టేషను. రాత్రి ఆకాశంకేసి చూడవద్దని తెరమీద హెచ్చరిక వస్తుంది. కాసేపటికి, బయటికి వెళ్ళి చూడమని ఇంకెవరో అంటారు. అంతే!

మనవాడు అమెరికా ఆకాశాన్ని అరువు తెచ్చుకోలేదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా, అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా మన దేశంలో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు టెలివిజన్ ప్రసారాలు అందించారు. "సైట్" అని పిలిచిన ఆ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా వున్నాయి. పైన 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహం; కింద కోళ్ళగూడుకు వేసే ఇనుపవలతో చేసిన పదడుగుల గొడుగు! ఏడాది నిండగానే గడువు తీరింది. ఉపగ్రహాన్ని మళ్ళీ అమెరికావైపు జరిపేసుకున్నారు. మా అన్నయ్య అప్పట్లో అలాంటి ఓ పల్లెలో బడిపంతులు. ఆ పెట్టె తాళంచెవి ఆయన దగ్గరే వుండేది.

ఆట మొదలయ్యేది 1976 ఆగస్టులో. పైన ఉపగ్రహం లేదు. మీరు ఆ బడిపంతులు. రాత్రి తలుపు తాళం వెయ్యబోతూ వుంటే పెట్టె దానంతటదే వెలుగుతుంది. తెరనిండా చుక్కలు, బుసబుస. ఆ బుసలోంచి ఓ మగగొంతు: "ఒకటి, రెండు, మూడు. వినబడుతోందా?" మీట నొక్కి "వినబడుతోంది" అని జవాబు చెప్పవచ్చు, చెప్పకుండా వూరుకోనూవచ్చు. చెప్పినకొద్దీ గొంతు దగ్గర పడుతుంది. మూడుసార్లు చెబితే ఆట ముగుస్తుంది. ఎలా ముగుస్తుందో ఇక్కడ వ్రాస్తే కుర్రవాడు నన్ను క్షమించడు.

ఇక కాగితాలు. వాడి ఈడు పిల్లలు ఆరుగురు ఒకే మాట వ్రాశారు: "ఆట పాడైంది, తెరమీద చుక్కలు వస్తున్నాయి." పాపం, వాళ్ళ తప్పేముంది? ప్రసారం ఆగితే నీలం తెర చూపించే టెలివిజన్ల కాలంలో పుట్టారు. మా వీధిలో రిటైరయిన పోస్టుమాస్టరుగారు ఒకరున్నారు. ఆయన చుక్కలు రాగానే అలవాటు కొద్దీ కంప్యూటరు నెత్తిన ఒకటి చరిచారట. "బొమ్మ స్పష్టముగా లేదు. యాంటెన్నా తిప్పుటకు ఆటలో అవకాశము కల్పించవలెను" అని ముత్యాల్లాంటి అక్షరాలతో వ్రాశారు. నన్నడిగితే మొత్తం కట్టలో ఇంతకంటె మంచి సలహా లేదు. వాడు కల్పించాడు కూడా. ఇప్పుడు ఆడేవాడు యాంటెన్నా తిప్పుతాడు, ఎటు తిప్పినా గొంతు అలాగే వస్తుంది!

ఇందులో ఓ తమాషా వున్నది. 1964లో అమెరికాలోని న్యూజెర్సీలో ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ అనే ఇద్దరు పెద్ద కొమ్ములాంటి యాంటెన్నాతో ఆకాశాన్ని వింటూ వుంటే, ఎటు తిప్పినా ఒకటే బుస వినబడింది. లోపల పావురాలు గూడు పెట్టాయని చూసి, రెట్టలు కడిగించారు. బుస పోలేదు. తీరా అది విశ్వం తొలినాటి వేడి మిగిల్చిన రేడియో తరంగాలని తేలింది. 1978లో వాళ్ళిద్దరికీ నోబెల్ బహుమానం వచ్చింది. పాత టెలివిజన్ తెరమీది చుక్కల్లో సుమారు నూటికో పాలు ఆ తరంగాలదేనంటారు. పాత రోజుల్లో పోస్టుమాస్టరుగారు తమ పెట్టె నెత్తిన చరిచిన దెబ్బలో నూటికో పాలు బ్రహ్మాండానికి తగిలిందన్నమాట.

ఇద్దరు ఆడవాళ్ళు అక్షరాలు చదవలేకపోయామన్నారు. అదీ నిజమే. ఇంగ్లీషు అక్షరం కాస్త చెరిగినా పోల్చుకోవచ్చు. మన వత్తులు, గుడిదీర్ఘాలు ఆ మసకలో కలిసిపోతాయి. "చూడవద్దు" అనే హెచ్చరిక "చూడవదు" అయి, భయానికి బదులు నవ్వు తెప్పించిందట.

భయపడినవాళ్ళు పదముగ్గురు. వింత ఏమిటంటే, ముగింపుకు భయపడినవారు ఒక్కరూ లేరు. అందరూ ఆ గొంతు గురించే వ్రాశారు. "దయ్యం గొంతులా వుంటే భయపడేదాన్ని కాదు, మా ఇంట్లోవాళ్ళ గొంతులా వుంది" అని ఒక అమ్మాయి. "ఏం మార్చినా గొంతు మార్చకు" అని తొమ్మండుగురు.

ఈ సంగతి కొత్తది కాదు. 1938 అక్టోబరు 30న అమెరికాలో ఆర్సన్ వెల్స్ అనే ఇరవై మూడేళ్ళ కుర్రవాడు, హెచ్.జి. వెల్స్ 1898 నాటి నవలను గంటసేపు రేడియో నాటకంగా వేశాడు. డాన్సు సంగీతం వస్తూ వుండగా మధ్యలో ఆపి, అంగారకుడినుంచి ఎవరో దిగారని వార్తలు చదివించాడు. దిగిన చోటూ న్యూజెర్సీయే! జనం వెర్రెత్తి పరుగులు తీశారని మర్నాటి పత్రికలు వ్రాసినదాంట్లో చాలా భాగం అతిశయోక్తి అని తరవాత పరిశోధకులు తేల్చారు. వెల్స్‌కు వచ్చిన ఉత్తరాల్లో మెప్పులే ఎక్కువ. భయపడ్డవాళ్ళలో కొందరు అంగారకులను నమ్మనేలేదు, జర్మనులు దాడి చేశారనుకున్నారు. నమ్మింది వార్తలు చదివే ఆ గొంతును. 1977 నవంబరు 26న ఇంగ్లండు దక్షిణప్రాంతంలో, వార్తలు చదివే మనిషి బొమ్మ తెరమీద వుండగానే గొంతు మాత్రం మారిపోయి, అంతరిక్షవాసినంటూ సుమారు ఆరు నిమిషాలు ఉపన్యాసం ఇచ్చింది. ఆ పని చేసినవాడు ఇప్పటికీ దొరకలేదు.

ఇదంతా వాడికి చెప్పి, నేనూ ఆడటానికి కూర్చున్నాను. "ఒకటి, రెండు" అనేసరికి నా చెయ్యి మీటమీద ఆగిపోయింది. అది మా అన్నయ్య గొంతు.

టేపు రికార్డరు కొన్నరోజున ఆయన పరీక్షగా మాట్లాడిన కేసెట్టు ఒకటి ఇంట్లో వుండిపోయింది. వీడు దాన్ని తీసి వాడుకున్నాడు. నాకు కోపం ఆగలేదు.

"పోయినవాడిచేత దయ్యం వేషం వేయించావుట్రా? మీ నాయనమ్మకు తెలుసా?"

"తెలీదు" అన్నాడు తల వంచుకుని. "నేను పుట్టేసరికి తాతయ్య లేడు కదా. ఆయన గొంతు నేను విన్నది అందులోనే. ఎన్నిసార్లు విన్నానో నాకే తెలీదు. అందుకని పెట్టాను."

తొమ్మండుగురు వుంచమన్నారు. కాని ఇరవైమూడో కాగితం వ్రాయవలసిన మనిషి ఒకరున్నారని, ఆవిడ వద్దంటే తీసెయ్యాలని చెప్పాను. వాడు ఒప్పుకున్నాడు గాని, రెండురోజులు నాయనమ్మ ముందుకు వెళ్ళలేకపోయాడు. మూడోరోజు నేనే కూడా వెళ్ళాను.

వదిన కళ్ళజోడు సరిచేసుకుని కూర్చుంది. దీపం ఆర్పుదామంటే "ఎందుకూ?" అంది. చుక్కలు వచ్చాయి. గొంతు వచ్చింది. నేను తెరకేసి చూడలేదు. ఆవిడ మొహంకేసి చూస్తున్నాను. ఏమీ అనలేదు. ఏ మీట నొక్కాలో మాత్రం మనవణ్ణి అడిగింది. వినబడుతోంది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ. తెలివిగల ఆటగాళ్ళంతా తప్పించుకునే ముగింపుకు రెండు నిమిషాల్లో చేరిపోయింది. ఆ భయంకరమైన బొమ్మను పట్టించుకోనేలేదు.

"అన్నిసార్లు జవాబు చెప్పకూడదు, నాయనమ్మా" అన్నాడు వాడు మెల్లిగా.

"చెప్పకపోతే ఎట్లారా? ఆయన అట్లా అడుగుతూనే వుంటారు" అంది. ఇంకోసారి పెట్టమంది. రెండోసారి విన్నాక, "మూడు అన్నతరవాత దగ్గు వుండాలే! అది ఏం చేశావు?" అని నిలదీసింది.

బాగుండదని దగ్గు కోసేశానన్నాడు. కేసెట్టులో ఎక్కడ వున్నదో, అసలెంతసేపు దగ్గారో కూడా ఆవిడే చెప్పింది. వాడు ఆ రాత్రే దాన్ని మళ్ళీ అతికించాడు.

మొన్న మరో నలుగురిచేత ఆడించాడు. అందులో ఒకాయన, "అంతా ఓర్చుకున్నాను గాని, ఆ దగ్గు దగ్గర లేచి దీపం వేసుకున్నాను" అని వ్రాశాడు. ఆ కాగితం మేము వదినకు చూపించలేదు.