బండి నడుపు యోగ్యతకు వయస్సే కొలతయా?

పూర్వము మన గ్రామములయందు బండి తోలుటకు ఎవరి యనుమతియు అక్కరలేకుండెను. బండివాడు కునికిపాట్లు పడినను ఎద్దులు దారి తప్పక యింటికి చేర్చెడివి. నేడు పొలము దున్నుటకును, ధాన్యమును మార్కెటు యార్డునకు చేర్చుటకును, చెఱకును ఫ్యాక్టరీకి తోలుటకును ట్రాక్టరే యాధారమైనది. ట్రాక్టరునకు దారి తెలియదు. నడుపువాని కన్నును, చేయియు, బుద్ధియు సరిగా నున్ననే అది క్షేమముగా నిల్లు చేరును. కావున బండిని ఎట్టివాని చేతి కీయవచ్చునను ప్రశ్న పట్టణవాసులకే కాక రైతులకును ముఖ్యమైనది.

మన దేశమున 2022వ సంవత్సరమున 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగి 1,68,491 మంది మరణించిరి. ఇట్టి నష్టమును తగ్గించుటకై, క్రొత్తగా లైసెన్సు పొందిన పడుచువారికిని, వయస్సు మీఱిన వృద్ధులకును నిబంధనలు మఱింత కఠినము చేయవలెనని కొందఱు కోరుచున్నారు. అది అన్యాయమని మఱికొందఱు వాదించుచున్నారు. ఈ రెండు వాదములలోని మంచిచెడ్డలను విచారింతము.

ముందుగా శాసన మెట్లున్నదో తెలిసికొందము. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ననుసరించి 18 ఏండ్లు నిండనివాడు బహిరంగ స్థలమున మోటారు బండి నడుపరాదు. 50 సి.సి. మించని మోటారు సైకిలునకు మాత్రము 16 ఏండ్లు చాలును. రవాణా వాహనములకు 20 ఏండ్లు నిండవలెను. మొదట ఎల్.ఎల్.ఆర్. పుచ్చుకొని, లైసెన్సు గలవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, తెల్లని పలకపై ఎఱ్ఱని ‘ఎల్’ అక్షరము కట్టి నేర్చుకొనవలెను. ముప్పది దినములు గడచిన పిదప పరీక్షకు పోవచ్చును. పరీక్ష నెగ్గిన మఱునాడే ఆ పడుచువాడు అర్ధరాత్రి యొంటరిగా ఎంతదూరమైనను పోవచ్చును. ముప్పది యేండ్ల అనుభవము గలవానికిని, వానికిని శాసనమున పెద్ద భేదము లేదు.

వృద్ధుల విషయమున 2019వ సంవత్సరపు సవరణ యిట్లు చెప్పుచున్నది. 30 ఏండ్లు నిండనివారికి సొంత బండ్ల లైసెన్సు 40వ యేటివఱకు చెల్లును. 30 మొదలు 50 లోపువారికి పదేండ్లును, 50 మొదలు 55 లోపువారికి 60వ యేటివఱకును చెల్లును. 55 నిండినవారు అయిదేండ్ల కొకమాఱు మార్చుకొనవలెను. 40 ఏండ్లు దాటినవారు వైద్యుని ధృవపత్రమును జతపఱుపవలెను. ఇంతకుమించి డెబ్బది, ఎనుబది యేండ్లవారికని ప్రత్యేక పరీక్ష లేదు.

ట్రాక్టరు సంగతి యింకను విచిత్రము. ఖాళీ బరువు 7,500 కిలోలకు మించని ట్రాక్టరును చట్టము తేలిక వాహనముల తరగతిలో చేర్చినది. అనగా కారుతో పరీక్ష నెగ్గినవాడు ఏనాడును ట్రాక్టరు ఎక్కకపోయినను, లైసెన్సు బలముచే దానిని నడుపవచ్చును. అయితే ట్రాక్టరునకు కుడి చక్రమునకొకటి, ఎడమ చక్రమునకొకటి రెండు బ్రేకు పెడళ్లుండును. పొలమున ఇఱుకు మలుపు తిరుగుటకు ఒక దానినే త్రొక్కుదురు. రోడ్డెక్కునప్పుడు రెంటిని లాకుతో జతపఱుపవలెను. ఆ సంగతి మఱచి వేగమున నొక్కదానినే త్రొక్కినచో బండి యొకవైపు లాగి తలక్రిందులగును. బరువుతోనున్న ట్రక్కు వెనుకనుండి నెట్టుచుండగా ఆపుట యెట్లో, దానిని వెనుకకు మళ్లించుట యెట్లో కారు పరీక్ష నేర్పదు.

క్రొత్తవారివలన ప్రమాదము లధికమగుటకు కారణము చేతిపని రాకపోవుట మాత్రమే కాదు. గేరు మార్చుట, చక్రము త్రిప్పుట నెలదినములలో అలవడును. రాబోవు నపాయమును ముందుగా పసిగట్టుట మాత్రము ఏండ్లమీదగాని రాదు. గట్టుమీద మేకపిల్ల కనబడినచో దాని వెనుక మంద యుండునని అనుభవజ్ఞు డెఱుగును. క్రొత్తవాడు మేకపిల్లనే చూచును. గంటకు 40 కిలోమీటర్ల వేగమున బండి సెకనునకు 11 మీటర్లు పోవును. బ్రేకుపై కాలు పెట్టుటకు సెకనున్నర యాలసించినచో బండి 17 మీటర్లు ముందుకు పోయియుండును. రాత్రివేళయు, ప్రక్కన స్నేహితుల కేకలును తోడైనచో ఆ యాలస్యము మఱింత పెరుగును.

వృద్ధులకు ఇందుకు విపరీతము. వారికి అనుభవము సమృద్ధిగ నున్నది. కాని కంటి శుక్లమువలన ఎదుటి దీపము మిఱుమిట్లు గొలుపును. మెడ తిరుగదు. నాలుగు త్రోవలు కలియుచోట అన్ని వైపులను ఒక్కమాఱు గమనించుట కష్టమగును. అయినను పెక్కుమంది వృద్ధులు తమ లోపము నెఱిగి నెమ్మదిగ నడుపుదురు, రాత్రి ప్రయాణము మానుదురు. ప్రమాదములలో వారి మరణము లెక్కువగ నగపడుటకు కొంతవఱకు వారి దేహదౌర్బల్యమే హేతువు. పడుచువానికి చేయి విఱుగు దెబ్బకు వృద్ధుని ప్రాణము పోవును. ఆ లెక్కనంతయు వారి నడుపు లోపమున కంటగట్టుట న్యాయము కాదు.

ఇతర దేశములవారు ఏమి చేసిరి? న్యూజీలాండువారు 1987వ సంవత్సరమున మెట్లవారీ లైసెన్సు పద్ధతిని ప్రవేశపెట్టిరి. నేర్చుకొనువానికిని, పూర్ణాధికారము గలవానికిని నడుమ నొక మెట్టును కల్పించి, ఆ కాలమున రాత్రి పది గంటలు దాటిన పిదప ఒంటరిగా నడుపరాదనియు, తోడు లేక ఇతరుల నెక్కించుకొనరాదనియు నియమించిరి. బ్రిటనులో క్రొత్తవాడు మొదటి రెండేండ్లలో ఆఱు తప్పు పాయింట్లు తెచ్చుకొన్నచో లైసెన్సు రద్దగును. వాడు మరల మొదటినుండి నేర్చుకొనవలెను. అచ్చట 70 నిండినవారు మూడేండ్లకొకమాఱు లైసెన్సు మార్చుకొందురు. జపానులో 75 ఏండ్లు దాటినవారు జ్ఞాపకశక్తి పరీక్షకు కూర్చుండవలెను. 2022వ సంవత్సరము మే నెలనుండి, వారిలో కొన్ని తప్పులు చేసినవారు బండి నడిపి చూపవలెనని కూడ నియమించిరి.

ఇవి మనకును తగునా? ఒక చిక్కు కలదు. బస్సు దినమునకు రెండుమార్లు వచ్చు నూరిలో డెబ్బదియేండ్ల రైతు లైసెన్సు తీసివేయుట యనగా అతని సేద్యమునకు స్వస్తి చెప్పుటయే. తండ్రి పోయి, పదునెనిమిదేండ్లకే సంసారభారము మీదపడిన కుఱ్ఱవానిని రాత్రి ధాన్యము తోలవలదన్నచో ఆ కుటుంబము నష్టపడును. కావున వయస్సు నొక్కదానినే చూచి నిషేధించుట తగదు. అట్లని విడిచిపెట్టుటయు తగదు, ఏలయన ఎదుటినుండి వచ్చు సైకిలువాని ప్రాణమును అంతే విలువైనది. నడుపు హక్కు శక్తినిబట్టి యుండవలెను. శక్తిని నిజముగ పరీక్షింపవలెను. క్రొత్తవానికి మెట్టు మెట్టుగ స్వేచ్ఛ నీయవలెను. వృద్ధునికి కంటిపరీక్ష నిజముగ జరుగవలెను. వైద్యుడు కన్ను చూడకయే సంతకము చేసినయెడల ఎంత కఠిన శాసనమైనను కాగితమే యగును.

శాసనము మాఱువఱకు ఊరకుండ నక్కరలేదు. ఏలయన నష్టము మొదట తగులునది బండి యజమానికే. లైసెన్సు లేనివానికి బండి యిచ్చినచో యజమానికి 5,000 రూపాయల జుల్మానా కలదు. పదునెనిమిదేండ్లు నిండని బాలునికి తండ్రి బండి యిచ్చి, ఆ బాలుడు నేరము చేసినచో తండ్రికి మూడేండ్లవఱకు జైలుశిక్షయు, 25,000 రూపాయల జుల్మానాయు, బండి రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దును విధింపవచ్చును. ఆ బాలునికి 25 ఏండ్లు నిండువఱకు లైసెన్సు రాదు. అంతటితో ఆగదు. ప్రమాదమున నొకడు మరణించెననుకొనుడు. ఇన్సూరెన్సు కంపెనీ మృతుని కుటుంబమునకు సొమ్ము చెల్లించినను, లైసెన్సు విషయమున యజమాని తగిన జాగ్రత్త వహింపలేదని ఋజువైనచో ఆ సొమ్మును యజమానినుండి తిరిగి రాబట్టవచ్చునని సుప్రీం కోర్టు 2004వ సంవత్సరమున తీర్పు చెప్పినది. అది లక్షలలో నుండును. ట్రాక్టరు అప్పు తీరకముందే పొలము అమ్మవలసి రావచ్చును.

కావున ప్రతి సహకార సంఘమును ఈ క్రింది పనులు చేయుట మంచిది. ట్రాక్టరు అప్పు పుస్తకమున నడుపువాని లైసెన్సు గడువు తేదీని వ్రాసికొని, ముందుగా హెచ్చరింపవలెను. గడువు తీరి ఒక యేడు దాటినచో మరల పరీక్ష నెగ్గవలసి యుండును. ఏటేట కోతలకు ముందు కంటి వైద్యుని రప్పించి సభ్యుల కన్నులు చూపింపవలెను. శుక్లము తీసివేయించుకొన్న వృద్ధుడు మరల నిశ్చింతగ బండి నడుపగలడు. క్రొత్తవాడు ఒక పంటకాలము పెద్దవాని ప్రక్కన కూర్చుండి, ట్రక్కుతో పగటిపూట నడిపిన పిదపనే రాత్రి ప్రయాణమునకు పోవలెను. ప్రతి ట్రక్కు వెనుకను ఎఱ్ఱని దీపమును, రిఫ్లెక్టరును ఉండవలెను.

పడుచువానికి చూపు కలదు, వృద్ధునికి అనుభవము కలదు. ఒకరి ప్రక్క నొకరు కూర్చున్నచో రెండును ఒక్క బండిలో నుండును. సహకారమను మాటకు అర్థమును ఇదియే గదా. రాబోవు సర్వసభ్య సమావేశమున సభ్యులు ఈ విషయమును చర్చించి తగిన తీర్మానము చేసికొందురుగాక.