ఒంట్లో రక్తం నిలవాలంటే



నాట్ల రోజుల్లో ఈ మాట తరచు వింటూంటాం. "ఏమిటోనమ్మా, నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తున్నది, వంగి లేస్తే కళ్ళు తిరుగుతున్నవి" అంటారు ఆడవాళ్ళు. ఎండదెబ్బ అనో, దిష్టి అనో మనం సరిపెట్టుకుంటాం. కాని అరచెయ్యి పాలిపోయిందా, కింది కనురెప్ప లోపల ఎరుపు తగ్గిందా, కొంచెం బరువు మోస్తే గుండె దడదడలాడుతున్నదా, ఇవి కూడా చూసుకోవాలి. ఇవి వుంటే అది రక్తహీనత కావచ్చు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి ఇది వున్నట్టు తేలింది. మగవాళ్ళలో నూటికి 25 మందికి వున్నది.

రక్తానికి ఎరుపు నిచ్చేది హిమోగ్లోబిన్ అనే పదార్థం. మనం పీల్చిన ప్రాణవాయువును ఒళ్ళంతటికీ మోసుకుపోయేది ఇదే. ఇది తయారుకావటానికి ముఖ్యంగా ఇనుము కావాలి. ఇది తగ్గితే పెద్దవాళ్ళకు పని సాగదు, పిల్లలకు చదువు మీద ధ్యాస నిలవదు. గర్భిణీ స్త్రీ సంగతి మరీ ప్రమాదం. ఆరోగ్యవంతురాలు తట్టుకోగలిగిన రక్తస్రావమే పురిటిలో ఆమె ప్రాణం మీదికి తెస్తుంది. బిడ్డ కూడా తక్కువ బరువుతో పుట్టవచ్చు.

చెరువు సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. నీరు రావాలి, వచ్చే కాలువ పూడకుండా వుండాలి, కట్టకు గండి పడకూడదు. ఈ మూడింటిలో ఏది లోపించినా ఆయకట్టు ఎండుతుంది. ఒంట్లో రక్తం కూడా అంతే.

మొదట రాక, అంటే తిండి. తోటకూర, మునగాకు, సజ్జలు, ఉలవలు, శనగలు, పెసలు, నువ్వులు, వీటన్నిటిలోనూ ఇనుము వున్నది. మాంసం తినేవారికి మేకమాంసం, కార్జం, చేపలు మంచివి. వాటిలోని ఇనుము ఒంటికి సులువుగా పడుతుంది. బీట్‌రూట్, దానిమ్మ ఎర్రగా వుంటవి గనుక రక్తం పడుతుందని కొందరి నమ్మకం. రంగుకూ ఇనుముకూ సంబంధం లేదు. బెల్లంలో ఇనుము కొంత వుండవచ్చు, కాని రోజూ తినే చిన్నముక్కతో లోటు తీరదు.

పెరట్లో రెండు మడులు తోటకూర చల్లితే నెల తిరిగేసరికి కూర చేతికి వస్తుంది. బట్టలుతికిన నీళ్ళు కాక, కూరగాయలు, బియ్యం కడిగిన నీళ్ళు ఆ మడులకు పారించండి. పక్కనే ఒక మునగ, ఒక నిమ్మ, ఒక జామ వేసుకోండి. నిమ్మ, జామ ఎందుకంటారా? అది రెండో సంగతి.

కాలువ బాగుండాలి, అంటే తిన్న ఇనుము ఒంటికి పట్టాలి. ఆకుల్లో, గింజల్లో వుండే ఇనుములో చాలా భాగం పట్టకుండానే బయటికి పోతుంది. పులుపు పండ్లలో వుండే విటమిన్ సి దాన్ని పట్టిస్తుంది. కాబట్టి పప్పు, ఆకుకూర పొయ్యి మీద నుంచి దించిన తర్వాతనే నిమ్మకాయ పిండండి. ఉడికితే ఆ విటమిన్ చెడిపోతుంది. ఉసిరికాయ గాని, జామపండు గాని భోజనంతో తింటే అదే ఫలితం. పెసలు మొలకెత్తించటం, అంబలి పులియబెట్టటం మన పెద్దల అలవాటు గదా, వీటివల్ల కూడా ఇనుము బాగా పడుతుంది. కాలువకు అడ్డుకట్ట వేసేది టీ, కాఫీ. అన్నం తిన్న వెంటనే టీ తాగటం మానండి. ముందు గంట, వెనుక గంట ఎడం వుంచండి.

ఇక మాత్రల సంగతి. లోటు ఎక్కువగా వున్నప్పుడు తిండి ఒక్కటే చాలదు. ప్రభుత్వం ఐరన్ మాత్రలు పంచే పథకం మన దేశంలో 1970లో మొదలయింది. 2018 నుంచి అనీమియా ముక్త్ భారత్ పేరుతో సాగుతున్నది. గర్భిణులకు ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం వుంటాయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు వాడాలి. ఎదిగే పిల్లలకు వారానికొక నీలం మాత్ర ఇస్తారు. ఈ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే.

మాత్ర వేసుకుంటే మలం నల్లగా వస్తుంది. భయపడవద్దు, అది మామూలే. కడుపులో తిప్పితే రాత్రి భోజనం తర్వాత వేసుకోండి. పాలతోనూ, టీతోనూ మింగవద్దు. కాల్షియం మాత్ర వేరే పూట వేసుకోవాలి. ఒంట్లో నీరసం తగ్గింది గదా అని మధ్యలో మానవద్దు, గాదె కూడా నిండాలి. మాత్రలు పసిపిల్లల చేతికి అందనివ్వకండి, ఎక్కువ మింగితే ప్రాణాపాయం. సికిల్ సెల్, తలసీమియా వంటి జబ్బులు వున్నవారు డాక్టరును అడగకుండా వాడకూడదు. అంగట్లో రంగు సీసా చూసి టానిక్ కొనటం కంటే, ముందు ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష చేయించుకోవటం మేలు. డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ స్త్రీలకు 12 గ్రాములకు, గర్భిణులకు 11కు, పురుషులకు 13కు తగ్గితే అది రక్తహీనత కిందే లెక్క.

మూడోది గండి. కొంకి పురుగు అనే పురుగు పేగుకు పట్టుకొని రక్తం పీలుస్తుంది. ఆరుబయట విసర్జించిన మలంలో దీని గుడ్లు తడినేలలో పొదిగి, పిల్లపురుగులు వట్టికాళ్ళ చర్మం గుండా లోపలికి పోతాయి. నాట్ల బురదలో చెప్పులు నిలవవు, నిజమే. అందుకే ఊళ్ళో ప్రతి ఒక్కరూ మరుగుదొడ్డి వాడటం అసలు మందు. గట్ల మీద, దొడ్లో తిరిగేటప్పుడు మాత్రం చెప్పులు వేసుకోండి. బడిలో, అంగన్‌వాడీలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర పిల్లలచేత మింగించండి. గర్భిణులు మాత్రం డాక్టరు చెబితేనే వాడాలి. నెలసరిలో ఎక్కువ రక్తం పోతున్నా దాచుకోవద్దు. అదీ గండే.

సోదరులకు ఒక మనవి. ఇంటిల్లిపాదికీ పెట్టి, అడుగున మిగిలింది తినటం మన ఆడవాళ్ళకు అలవాటు. పప్పు, కూర, గుడ్డు వారి కంచం దాకా చేరటం లేదు. సాయంత్రం అందరూ కలిసి కూర్చుని తినండి. ఖర్చు లేని మందు ఇది. విస్తరణ కార్యకర్తలు కూడా విత్తనాల సమావేశానికి ఆడవాళ్ళను పిలిచి, ఆశా కార్యకర్తను పక్కన కూర్చోబెట్టి, పెరటి మడుల మాటా, మాత్రల మాటా ఒకేసారి చెబితే బాగుంటుంది.

రాక, కాలువ, గట్టు. మూడూ చూసుకుంటే ఒంట్లో రక్తం నిలుస్తుంది.