దోమల బాంబు నుంచి రంగు డబ్బా దాకా

సంగారెడ్డి జిల్లా మనూర్‌లో బైకు ట్యాంకు మీద గీత పడినా, మడ్‌గార్డు అంచున సిలుము లేచినా ఇప్పుడు రెండు దారులున్నాయి. బండిని నారాయణఖేడ్ తీసుకుపోయి పెయింటర్ దగ్గర వదిలిపెట్టొచ్చు. లేదా ఒక స్ప్రే డబ్బా కొని ఇంటి ముందే పని కానిచ్చుకోవచ్చు. ఆ డబ్బాను పెంచి పెద్ద చేసింది రంగుల వ్యాపారులనుకుంటాం. నిజానికి ఆ పని చేసింది దోమలు.

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు కోసి, అందులో మలేరియా క్రిమిని చూశాడు. శత్రువెవరో తేలింది. కానీ ఆ శత్రువు మీద మందు చిమ్మే డబ్బా రావడానికి నాలుగు దశాబ్దాలు పైనే పట్టింది. మధ్యలో, 1920లలో, నార్వే ఇంజనీరు ఎరిక్ రోథైమ్ ఒక ఊహ చేశాడు: సులువుగా ఆవిరయ్యే ద్రవాన్ని మందుతో గానీ రంగుతో గానీ కలిపి డబ్బాలో బిగిస్తే, ఆ ఆవిరే దాన్ని బయటికి తోస్తుంది కదా! 1931లో అమెరికా పేటెంటు కూడా వచ్చింది.  ఆయన 1938లో పోయాడు. అదే డబ్బా బొమ్మతో నార్వే తపాలా శాఖ 1998లో స్టాంపు వేసింది.

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో సైనికులను దోమలు కుళ్లబొడిచాయి. అమెరికా వ్యవసాయ శాఖలో లైల్ గుడ్‌హ్యూ, విలియం సల్లివన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక ఉక్కు డబ్బాలో చేమంతి జాతి పూల నుంచి తీసిన పైరెత్రమ్, దాని చురుకు పెంచడానికి నువ్వుల నూనె, తోయడానికి ఫ్రియాన్ వాయువు నింపారు. నువ్వుల నూనె మన వంటింటిదే, ఆశ్చర్యపోనక్కర్లేదు. సైనికులు దాన్ని ‘బగ్ బాంబ్’ అన్నారు. బరువైన డబ్బా, ఖరీదైన మూత. యుద్ధం ముగిశాక 1949లో రాబర్ట్ ఆబ్‌ప్లానాల్ప్ చవకైన వాల్వు చేయడంతో అది పల్చటి రేకు డబ్బాలోకి దిగి బజారుకొచ్చింది.

అదే 1949లో అమెరికాలోని సికమోర్ అనే చిన్న ఊళ్లో ఎడ్వర్డ్ సేమర్ అనే రంగుల వ్యాపారి ఒక చిక్కులో ఉన్నాడు. ఇళ్లను వెచ్చబరిచే ఆవిరి రేడియేటర్లకు వేసే అల్యూమినియం రంగును కొనేవాళ్ల ముందు వేసి చూపించాలి. గన్, కంప్రెసర్ మోసుకుని తిరగలేడు. దోమల మందు డబ్బాలోనే రంగు పోస్తే పోలేదా అని భార్య బోనీ అన్నది. ఆమె మాటే నేటి స్ప్రే రంగు. పేరు మాత్రం మొగుడిది నిలిచింది.

పెయింటర్ చేతిలోని గన్‌కూ ఇలాంటి పుట్టుకే ఉంది. 1880లలో టొలిడోలో అలెన్ డివిల్‌బిస్ అనే డాక్టరు రోగుల గొంతులో మందు చిమ్మడానికి చేసిన చిన్న బుడ్డి దాని పూర్వీకుడు. తర్వాత ఆయన కొడుకు దాన్ని రంగుకు మళ్లించాడు. డబ్బాలాగే గన్ కూడా వేరే పని నుంచి రంగులోకి వచ్చిందే అన్నమాట.

ఇక డబ్బా లోపలి సంగతి. ఇంట్లో వంట గ్యాస్ సిలిండరుంటే సగం అర్థమైనట్టే. దానిలాగే ఇందులోనూ వాయువు ద్రవంగా అణిగి ఉంటుంది. పైనున్న ఖాళీలో దాని ఆవిరి వాతావరణ పీడనానికి సుమారు నాలుగైదు రెట్లు ఒత్తుతుంది. మీట నొక్కగానే అడుగు నుంచి గొట్టం గుండా రంగు పైకి లేస్తుంది. ఆ మేరకు ఖాళీ పెరిగితే, మరికొంత ద్రవం ఆవిరై దాన్ని నింపేస్తుంది. అందుకే డబ్బా చివరిదాకా దాదాపు ఒకే ఒత్తిడితో చిమ్ముతుంది. గాలి కొట్టి నింపిన డబ్బాకు ఈ సుగుణం లేదు, వాడేకొద్దీ నీరసపడిపోతుంది. ముక్కు దాటిన బొట్టులోని ద్రవవాయువు ఒక్కసారి ఆవిరై బొట్టును తుంపరగా చీలుస్తుంది. డబ్బాలో ఖాళీని నింపే ఆవిరి తనకు కావలసిన వేడిని డబ్బా నుంచే లాక్కుంటుంది. కాబట్టి ఆపకుండా నొక్కితే డబ్బా చల్లబడి ధార మెత్తబడుతుంది. ఊపినప్పుడు గలగలమనే గోలీ, అడుగున పేరుకున్న రంగు పొడిని లేపడానికే. రెండు నిమిషాలు ఊపమని రాసింది ఊరికే కాదు.

ఫ్రియాన్‌కు మరో కథ ఉంది. మంట అంటదు, విషం కాదు, మరి దేనితోనూ చర్య జరపదు. ఇన్ని మంచి గుణాలున్న ఆ వాయువే పైకెళ్లి ఓజోన్‌ను తింటోందని 1974లో మారియో మొలినా, షెర్వుడ్ రోలండ్ చెప్పారు. మరుసటి ఏడు మన తమిళనాడుకు చెందిన వీరభద్రన్ రామనాథన్ అది భూమిని వేడెక్కిస్తుందనీ లెక్కగట్టాడు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ రంధ్రం కంటపడింది, 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది, 1992లో భారత్ చేరింది. ఇప్పుడు మన రంగు డబ్బాల్లో ఎక్కువగా ఉండేది వంటగ్యాస్ జాతి వాయువులు, డైమెథైల్ ఈథర్. ఓజోన్ బతికింది, బదులుగా మంట డబ్బాలోకి వచ్చి కూచుంది. బీడీ నోట్లో పెట్టుకుని రంగు కొట్టేవాళ్లకు ఈ వాక్యం.

బండి మొత్తానికి డబ్బాతో రంగు వేయొచ్చా? వద్దంటాను. కంపెనీ రంగు వేరే పద్ధతి.  ఇంటి ముందు పనికీ ఆ స్థాయి పనికీ పొంతన కుదరదు. కార్ల ఫ్యాక్టరీలో రేకును ఫాస్ఫేటు ద్రావణంలో శుద్ధి చేసి, కరెంటు పారే ప్రైమరు తొట్టిలో ముంచి, 160-180 డిగ్రీల ఓవెన్లో కాలుస్తారు. పొరలోని అణువులు ఒకదానికొకటి పెనవేసుకుంటాయి. మామూలు డబ్బా రంగు మాత్రం థిన్నరు ఎగిరిపోతే చాలు, ఎండినట్టే. మళ్లీ థిన్నరు తగిలితే మళ్లీ కరుగుతుంది. ట్యాంకు మూత దగ్గర పెట్రోలు ఒలికిన చోట డబ్బా రంగు జిడ్డుగా ఊడి రావడానికి కారణం ఇదే. పైగా 400 మిల్లీలీటర్ల డబ్బాలో చాలా భాగం వాయువూ థిన్నరే. రేకు మీద మిగిలేది కొద్ది రంగే. గట్టిపరిచే మందు కలిసిన టూ-కే క్లియర్ డబ్బాలు పెట్రోలుకు తట్టుకుంటాయి. కానీ వాటిలోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులను దెబ్బతీసి ఆస్తమా తెస్తాయి, ముఖానికి కట్టుకున్న తువ్వాలు వాటిని ఆపదు.

మడ్‌గార్డు, సైడ్ ప్యానెల్, బంపర్ మూల లాంటి చిన్న పనికి డబ్బాకు సాటి లేదు. సిలుమును వాటర్ పేపర్‌తో మెరిసే ఇనుము దాకా గీకాలి. లోపల కొంచెం మిగిలినా కొన్ని నెలల్లో పొర బొబ్బలెక్కుతుంది. సబ్బునీళ్లతో జిడ్డు వదిలించి, ఆరబెట్టి, ప్రైమరు కొట్టాలి. జానెడు పైచిలుకు దూరం నుంచి, భాగం బయట మీట నొక్కి, దాన్ని దాటాక వదలాలి. దగ్గరైతే కారుతుంది. దూరమైతే బొట్టు గాల్లోనే ఎండి గరుకు పడుతుంది. పల్చటి పొరలు మూడు నాలుగు, మధ్యలో పది నిమిషాలు. వానాకాలం మబ్బు పట్టిన రోజు వద్దు. థిన్నరు ఆవిరై రేకు చల్లబడగానే గాలిలోని తేమ దాని మీద వాలి రంగు తెల్లబారుతుంది. ఎండాకాలం మధ్యాహ్నమూ వద్దు. పని అయ్యాక డబ్బాను తలకిందులు చేసి రంగు ఆగేదాకా నొక్కితే ముక్కు మూసుకుపోదు.

బండి రంగే మార్చేస్తే ఆర్‌సీలోనూ మార్పించుకోవాలి. సైన్యం వాడే ఆలివ్ గ్రీన్ మాత్రం ఏ బండికీ వేయకూడదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలు దాన్ని రక్షణ శాఖకే వదిలాయి.

డబ్బా మీద 50 డిగ్రీలు దాటనీయొద్దని ఉంటుంది. మే నెలలో ఎండలో నిలిపిన కారు లోపల ఆ వేడి సులువుగా పుడుతుంది. ఖాళీ అనుకున్న డబ్బాలోనూ కొంత వాయువు మిగిలే ఉంటుంది. కాబట్టి దాన్ని పొలంలో పత్తి కట్టె కాల్చే మంటలో గానీ, ఇంటి వెనక చెత్తకుప్పలో గానీ వేయకండి. బుస్సుమనే చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఆరుబయట నొక్కి, పిల్లల చేతికి అందకుండా పక్కన పెట్టి, పాత ఇనుము కొనేవాళ్లకు అది స్ప్రే డబ్బా అని చెప్పి మరీ ఇవ్వండి.