బడి వంటకు పొగ లేని పొయ్యి

పొద్దున్నే కేంద్రంలో పాలు పోసి, పశువులకు మేత వేసి, కాస్త తీరిక దొరికేసరికి పది గంటలవుతుంది. సరిగ్గా అప్పుడే బడి వెనుక నుండి పొగ లేస్తుంది. వంట మొదలయిందనుకుని మనం మన పనిలో పడతాము. ఆ పొయ్యి ముందు కూర్చున్న అమ్మలకు మాత్రం ఇంకా రెండు గంటలు కళ్లు మంటలే. గాలి ఇటు తిరిగిన రోజున ఆ పొగ తరగతి గదిలోకి కూడా వస్తుంది.

ప్రభుత్వ బడుల్లో పిల్లలకు వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించింది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుండి ఇది అమలయింది. ప్రాథమిక తరగతుల బిడ్డకు రోజుకు 100 గ్రాముల బియ్యం లెక్క. అరవై మంది ఉన్న బడిలో అది 6 కిలోలు. పప్పు, కూరగాయలు వేరు. ఇంతటి వంట రోజూ మూడు రాళ్ల మీద చేయడమంటే ఎంత కట్టె, ఎంత పొగ కావాలో చెప్పనక్కరలేదు. గ్యాసు సక్రమంగా అందే బడులకు ఈ వ్యాసంతో పని లేదు. కట్టెల మీదనే వండుతున్న బడి ఉన్న ఊళ్లోని సంఘ సభ్యుల కోసమే ఇది వ్రాస్తున్నాము. పెన్‌పహాడ్ వైపు ఊళ్లలో పత్తికట్టెకు, కందికట్టెకు, సర్కారు తుమ్మకు కొరత లేదు. లేనిదల్లా వాటిని సరిగా మండించే పొయ్యి.

ఇంట్లో వంట పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పొగ ఒక్కటే కాదు, మంట భయమూ ఉంది. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో బడి వంటగదిలో పుట్టిన నిప్పు తాటాకు కప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు కాలిపోయారు. కాబట్టి ఎంత మంచి పొయ్యి అయినా గడ్డి కప్పు కింద, తాటాకు పందిరి కింద కట్టరాదు. తరగతి గోడకు ఆనించి అసలే వద్దు.

పొగ లేని పొయ్యి మనకు పరాయిది కాదు. పెళ్లిళ్లకు తవ్వే గాడిపొయ్యిలో ఒకే మంట మీద నాలుగు గుండిగలు ఉడుకుతాయి. పొంత పొయ్యిలో మిగులు వేడితో నీళ్లు కాగుతాయి. పాలవాళ్లమైన మనకు దాలి సంగతి వేరే చెప్పాలా! వేడి చెదిరిపోకుండా పట్టి ఉంచితే కొద్దిపాటి పిడకలతోనే పాలు ఎర్రగా కాగి మీగడ కడతాయి. ఈ గుణాలకు పొగ గొట్టాన్ని జోడించినవారిలో మన హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనశాలకు చెందిన డాక్టర్ ఎస్.పి. రాజు ఒకరు. మట్టితో కట్టి, ఒకే మంట మీద వరుసగా గిన్నెలు పెట్టి, చివర గొట్టం నిలిపే ఈ పద్ధతి గురించి ఆయన వ్రాసిన చిన్న పుస్తకం 1953లోనే వెలువడింది.

తరువాత కేంద్ర ప్రభుత్వం 1983లో మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి, 2002 వరకు దేశమంతటా కోట్ల పొయ్యిలు కట్టించింది. వాటిలో ఈనాడు వాడుకలో ఉన్నవెన్ని? లోపం ఎక్కడుందో ఆ తర్వాత ఒడిశాలో చేసిన ఒక పరిశీలన చూపింది. అక్కడ ఇలాంటి పొయ్యిలు పొందిన ఇళ్లను నాలుగేళ్ల దాకా గమనించారు. మొదటి ఏడాది పొగ పీల్చడం తగ్గింది. ఆ తర్వాత పాత పొయ్యికీ కొత్త పొయ్యికీ తేడా లేకుండా పోయింది. గొట్టంలో మసి తీయలేదు, పగుళ్లు పూడ్చలేదు, మెల్లగా వాడడమే తగ్గించారు. పాల క్యాను కొన్న రోజున తళతళలాడుతుంది. పది రోజులు కడగకపోతే అందులో పోసిన పాలు ఏమవుతాయో మనకు తెలుసు.

అందుచేత శ్రమదానం అనగానే పలుగు, పార పట్టుకుని పోకండి. ముందు ప్రధానోపాధ్యాయుని అనుమతి తీసుకుని, వంట చేసే అమ్మలతో మాట్లాడండి. ఎంత ఎత్తుండాలో వారే చెప్పాలి. నిలువెత్తు అరుగు మీద పొయ్యి చూడడానికి బాగుంటుంది గాని, నిండు అన్నం గుండిగను అక్కడి నుండి దించి గంజి వార్చడం ఇద్దరికి కూడా కష్టమే. మోకాలి ఎత్తు దాటకపోతే మేలు. బడిలో ఉన్న గిన్నెలనే కొలవండి. కొలత తప్పితే సందుల్లోంచి పొగ వస్తుంది.

మట్టి విషయంలో తొందర పనికిరాదు. వట్టి నల్లరేగడి ఎండగానే పగులుతుంది. పుట్టమన్ను గాని, ఎర్రమట్టి గాని తెచ్చి, ఊక, తరిగిన గడ్డి, పేడ కలిపి, రెండు మూడు రోజులు నానవేసి తొక్కాలి. పేడకు మన ఇళ్లలో కరువు లేదు. గట్టి నేల మీద రాళ్లతో, ఇటుకలతో అడుగు కట్టి, ఆ పైన రెండు గిన్నెల పొయ్యి లేపాలి: ముందుది అన్నానికి, వెనుకది పప్పుకు. కట్టె పెట్టే నోరు క్యాను మూత దూరేంత ఉంటే చాలు. నోరు పెద్దదయితే చల్లగాలి దూరి వేడిని గొట్టంలోకి తోసేస్తుంది. కట్టెల కింద ఇనుప ఊచలు పరిచి, వాటి కింద బూడిదకూ గాలికీ ఖాళీ వదలాలి. రెండు గిన్నెల మధ్య దారి, చేయి పెట్టి మసి గీకగలిగేంత ఉండాలి. వెనుక గిన్నె కింద చిన్న మట్టి దిమ్మ పెడితే మంట నేలబారున పోకుండా పైకెగిరి గిన్నె అడుగును తాకుతుంది. దిమ్మకూ గిన్నెకూ నడుమ రెండు వేళ్ల సందు వదిలితే సరి. మట్టి పచ్చిగా ఉన్నప్పుడే గిన్నెలు కూర్చోబెట్టి అటూ ఇటూ తిప్పితే అంచు అతికినట్టు వస్తుంది.

గొట్టం దగ్గరే చాలామంది పొదుపు చేసి చెడగొడతారు. ఇంటి పొయ్యికి 3 అంగుళాల గొట్టం చాలును గాని, బడి పొయ్యికి 6 అంగుళాలు కావాలి. కుమ్మరి కాల్చిన గొట్టాలైనా, ఇనుప రేకువైనా మంచివే. పాత సిమెంటు గొట్టాల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది కాబట్టి అవి వద్దు. కప్పు కంటే రెండు మూడడుగులు పైకి లేవాలి, పైన వాన పడకుండా టోపీ ఉండాలి. వంపులు ఎంత తక్కువైతే మసి అంత తక్కువ. గొట్టం అడుగున మసి తీయడానికి మూతతో ఒక కన్నం మరవకండి. అది లేని పొయ్యి ఏడాదిలో మూలపడుతుంది.

కట్టిన మర్నాడే పండుగలా ముట్టించాలని అందరికీ ఉంటుంది. అలా చేస్తే పగుళ్లే. పదిహేను రోజులు నీడన ఆరనిచ్చి, మొదట పుల్లలతో చిన్న మంట వేయాలి. వేసవి సెలవుల్లో మే నెల మధ్యకు పని ముగిస్తే జూన్‌లో బడి తెరిచేనాటికి పొయ్యి సిద్ధం. వండేటప్పుడు రెండు కళ్ల మీదా గిన్నెలు ఉండాలి. ఒకటి ఖాళీగా వదిలితే పొగంతా అక్కడి నుండే బయటికి వస్తుంది. రెండో గిన్నె నిదానంగా ఉడుకుతుంది కనుక పప్పు ముందే ఎక్కించాలి. పచ్చి తుమ్మకట్టె గొట్టంలో జిగట మసి పట్టిస్తుంది, ఎండినదే వాడాలి.

బూడిద రోజూ తీయడం, శనివారం పేడమట్టితో అలకడం వంట చేసే అమ్మలు చూసుకుంటారు. నిచ్చెన ఎక్కి గొట్టం దులపడం వారి నెత్తిన వేయరాదు. ఆ పని సంఘం ఒప్పుకోవాలి. పదిహేను రోజులకొకసారి, పాల బిల్లులు పంచే రోజునే పెట్టుకుంటే మరపు రాదు. ఎవరి వంతు ఎప్పుడో, గొట్టం ఏ తేదీన దులిపారో కేంద్రం రిజిస్టరులో వెనుక పేజీలో వ్రాసి, వంతు వచ్చిన సభ్యుని చేత సంతకం చేయించండి.