పొగ తేలికే... సెగతోనే పేచీ!

బొగ్గులు అంటించి పైన నాలుగు జామ చెక్కలు వేస్తే పొగ ఎవరికైనా వస్తుంది. అసలు పరీక్ష అది కాదు. ఆ నిప్పును 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆరేడు గంటలపాటు పట్టి ఉంచగలరా? మీట్ స్మోకర్ సంగతంతా ఇంతే. పేరు పొగది, పని మాత్రం వేడికి కాపలా కాయడం.

ఈ వంటకి పెట్టింది పేరు అమెరికాలోని టెక్సాస్. అక్కడ బ్రిస్కెట్ అనే ఛాతీ భాగం బీఫ్‌ను ఓక్ కట్టెల సెగ మీద పన్నెండు గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే మగ్గిస్తారు. 2009లో ఆస్టిన్‌లో ఒక ట్రైలర్‌లో మొదలైన ఫ్రాంక్లిన్ బార్బెక్యూ ముందు జనం గంటల తరబడి క్యూ కట్టేది దీనికోసమే. అక్కడ నిప్పు చూసుకోవడానికి పిట్‌మాస్టర్ ఉంటాడు. రాత్రంతా మేలుకుని నిప్పు చూసే ఓపిక మనకెక్కడిది? అందుకే ఆ డ్యూటీని ఒక చిన్న సర్క్యూట్ బోర్డుకి అప్పగిద్దాం.

ఎందుకంత నిదానం?

మటన్ జబ్బ లాంటి గట్టి ముక్కలో కొలాజెన్ ఎక్కువ. అది కరిగి జిలాటిన్ అవడానికి టైమ్ కావాలి. పాయా చల్లారితే గడ్డకడుతుంది కదా, అదే జిలాటిన్. వేడి ఎక్కువైతే పైన మాడి లోపల రబ్బరులా మిగులుతుంది. మరీ తక్కువైతే ఇంకా ప్రమాదం. 4 నుంచి 60 డిగ్రీల మధ్య మాంసం గంటల తరబడి ఉంటే బ్యాక్టీరియాకి పండగే. అంటే టెంపరేచర్ కంట్రోల్ రుచి కోసమే కాదు, తినేవాళ్ల కడుపు కోసం కూడా.

కోడ్ కంటే ముందు మూత

200 లీటర్ల స్టీలు డ్రమ్ము చాలు. రసాయనాలు నింపిన పాత డ్రమ్ము చవగ్గా వస్తుంది కానీ దాని జోలికి వెళ్లొద్దు. కొత్తది, లోపల పూత లేనిది వెతకండి. లోపల పెయింట్ ఉంటే ముందు ఆరుబయట పెద్ద మంట పెట్టి పూర్తిగా కాల్చేసి, తోమి కడగాలి. జింక్ పూత ఉన్న జాలీలు అస్సలు వాడకూడదు, వేడెక్కితే విషపు పొగ వస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ జాలీయే పెట్టండి.

అడుగున బొగ్గుల బుట్ట, దానికి 60 సెంటీమీటర్ల పైన మాంసం పెట్టే జాలీ. గాలి లోపలికి రావడానికి కింద ఒకే ఒక్క గొట్టం, పొగ పోవడానికి మూత మీద రంధ్రాలు. ఇంకెక్కడా సందు ఉండకూడదు. మూత అంచుకి వేడిని తట్టుకునే గ్యాస్కెట్ అంటించండి.

ఇంత పట్టుదల ఎందుకంటే, బొగ్గు ఎంత మండాలో తేల్చేది గాలి. మన ఫ్యాన్ గాలి ఊది వేడి పెంచగలదు, తగ్గించడం మాత్రం దాని చేతిలో లేదు. ఈ బండికి యాక్సిలరేటర్ ఉంది, బ్రేక్ లేదు. మూత సందుల్లోంచి గాలి దూరుతోందంటే ఆ యాక్సిలరేటర్‌ని ఇంకెవరో తొక్కుతున్నట్టే. అప్పుడు ఎంత గొప్ప కోడ్ రాసినా దండగే. టెస్ట్ సింపుల్: బొగ్గులు అంటించి దారులన్నీ మూసేయండి. నిప్పు దానంతటదే ఆరిపోతే డ్రమ్ము పాసైనట్టు.

బోర్డు, సెన్సర్, బుల్లి ఫ్యాన్

ఈఎస్‌పీ32 లేదా ఆర్డ్వీనో బోర్డు, కె-టైప్ థర్మోకపుల్, దాన్ని చదవడానికి మ్యాక్స్6675 మాడ్యూల్, 12 వోల్టుల బ్లోయర్ ఫ్యాన్, దాని స్పీడ్ మార్చడానికి ఒక మాస్‌ఫెట్. అన్నీ ఆన్‌లైన్‌లో దొరికేవే. ఫ్యాన్ ప్లాస్టిక్ కరగకుండా డ్రమ్ముకీ దానికీ మధ్య జానెడు ఇనుప గొట్టం ఉండాలి. మొదటి నుంచీ రాయడం ఎందుకు అనుకుంటే హీటర్‌మీటర్ అనే ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టు ఉంది, చూడండి.

సెన్సర్‌ని మూతకి కాదు, మాంసం ఉండే ఎత్తులోనే, ముక్కకి నాలుగు వేళ్ల దూరంలో పెట్టండి. వాడే ముందు మరిగే నీళ్లలో ముంచి చూడండి. విశాఖ బీచ్ దగ్గరైతే 100 చూపాలి. హైదరాబాద్ ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ 98 చూపిస్తే సెన్సర్ కరెక్టే.

పీఐడీ ఏం చేస్తుంది?

గీజర్ ఆన్-ఆఫ్ పద్ధతి ఇక్కడ పనికిరాదు. ఫ్యాన్ ఆపినా అప్పటికే రాజుకున్న బొగ్గు మండుతూనే ఉంటుంది. 110 దగ్గర ఆపితే 130కి పోయి కూర్చుంటుంది. దీనికి మందు పీఐడీ. 1922లో నికొలస్ మినోర్‌స్కీ ఓడ చుక్కాని పట్టే నావికుల తీరును గమనించి రాసిన లెక్క ఇది. ఇప్పుడు టార్గెట్‌కి ఎంత దూరంలో ఉన్నాం, ఇంతసేపూ ఎంత తేడా పోగైంది, ఎంత వేగంగా దగ్గరవుతున్నాం? ఈ మూడూ కలిపి ఫ్యాన్ స్పీడ్ తేలుస్తుంది. 100 దాటగానే ఫ్యాన్ నెమ్మదించి, 110 దగ్గరికి మెల్లగా చేరుస్తుంది. లైబ్రరీ రెడీగా దొరుకుతుంది, మీరు సరిచేయాల్సింది మూడు అంకెలే.

ఒక్క కండిషన్ మాత్రం కోడ్‌లో తప్పక పెట్టండి. మూత తీస్తే టెంపరేచర్ ఢమాల్మని పడుతుంది. నిప్పు ఆరిపోయిందనుకుని ఫ్యాన్ ఫుల్ స్పీడులో ఊదుతుంది. మూత పెట్టేసరికి లోపల కొలిమే! అందుకే టెంపరేచర్ ఒక్కసారిగా పడితే ఐదు నిమిషాలు ఫ్యాన్ ఆగిపోవాలి.

మధ్యలో కంగారు పడొద్దు

పెద్ద ముక్క లోపలి వేడి 65-70 డిగ్రీల దగ్గరికొచ్చి గంటల తరబడి అక్కడే ఆగుతుంది. సర్క్యూట్ పాడైందని సెట్టింగ్ పెంచేయకండి. మాంసం పైన తేమ ఆవిరవుతూ ముక్కను చల్లబరుస్తోంది. ఎండాకాలం మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఇలాగే. తొందరైతే ఫాయిల్ చుట్టేయండి, కదులుతుంది. 93 డిగ్రీల దాకా వెళ్తే జబ్బ ముక్క వేళ్లతో తీస్తే ఊడొస్తుంది. చికెన్ అయితే ముక్క లోపల 74 డిగ్రీలు దాటితేగానీ ప్లేట్లో పెట్టకూడదు. ఇందుకోసం మాంసంలో గుచ్చే థర్మామీటర్ వేరేగా కొనండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైంది. బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. కంటికి కనపడదు, వాసన రాదు, ప్రాణం తీస్తుంది. గదిలో, మూసిన బాల్కనీలో, కార్ షెడ్‌లో వెలిగించొద్దు. ఆరుబయటే పెట్టండి. ఫ్యాన్ నడుపుతోంది కదా అని వదిలేసి పడుకోవద్దు, చూసే మనిషి ఒకరు దగ్గర్లోనే ఉండాలి.

మొదటిసారి మాంసం లేకుండానే ఆరు గంటలు నడపండి. టెంపరేచర్‌ని ఫోన్‌లో గ్రాఫ్‌గా చూడండి. గీత 110 చుట్టూ ఐదు డిగ్రీల లోపే తిరుగుతుంటే, అప్పుడు మటన్ షాపుకి వెళ్లండి. టెస్ట్ చేయకుండా డైరెక్టుగా ప్రొడక్షన్‌లో పెట్టకూడదన్న రూల్ ఆఫీసులోనే కాదు, డ్రమ్ముకీ వర్తిస్తుంది. ఫ్రెండ్స్‌ని పిలవడం ఆ తర్వాతే!