సున్నిపిండిలో ఏం కలపాలి? ఏం కలపకూడదు?

బోరు నీళ్లలో సబ్బు నురగ సరిగా రాదు. సున్నిపిండికి ఆ ఇబ్బంది లేదు. శంషాబాద్ చుట్టుపక్కల చాలా ఇళ్లలో పండుగ తలంటుకు, పిల్లల స్నానానికి ఇప్పటికీ ఇంట్లోనే చేసుకుంటారు. మంచి అలవాటే. అయితే ఇంట్లో చేసినదల్లా ఒంటికి మంచిదే అనుకోకూడదు. ఏ దినుసు ఎందుకో తెలుసుకొని కలపాలి.

పెసలు: సున్నిపిండికి ఇవే ఆధారం. నూనె జిడ్డును తీస్తాయి. కిలో పెసలకు గుప్పెడు బియ్యం చాలు. ఎక్కువైతే పిండి గరుకై చర్మం గీసుకుపోతుంది. బాగా ఎండబెట్టి పట్టించి, పలుచటి బట్టలో జల్లించండి. గిర్నీలో మిరపకాయలు పట్టిన వెంటనే మీ పెసలు పోయనివ్వకండి. నెలకు సరిపడా మాత్రమే చేసుకొని, తడి తగలని డబ్బాలో ఉంచండి. బూజు వాసన వస్తే పారేయండి.

పసుపు: కొమ్ములకు మెరుపు రావడానికి కొందరు లెడ్ క్రోమేట్ అనే రంగు పూస్తారు. అందులోని సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. చేతులు నోట్లో పెట్టుకునే బిడ్డకు ఒంటికి రాసినది కడుపులోకీ పోతుంది. కొమ్మును గ్లాసు నీళ్లలో వేసి చూడండి. వెంటనే రంగు వదిలితే వాడకండి.

బావంచాలు: వీటిలో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది. అది ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కమిలి, బొబ్బలెక్కి, నల్లమచ్చలు పడవచ్చు. ఎండలో పనిచేసేవారు, పిల్లలు వీటిని మానుకోవాలి.

గోధుమపిండి, బాదం: 2010 ప్రాంతంలో జపాన్‌లో గోధుమ ప్రోటీన్ కలిపిన ఒక ముఖం సబ్బు వాడి 2 వేల మందికి పైగా గోధుమ అలర్జీ తెచ్చుకున్నారు. మన పిండి ఆ సబ్బు వంటిది కాదు. అయినా ఎగ్జిమాతో చర్మం చిట్లిన బిడ్డకు ఏ తినే పిండీ రాయకపోవడమే మేలు.

బాత్ బాంబులు: వీటిని ఇంట్లో చేయాలని ఈమధ్య ఆడపిల్లలు ముచ్చటపడుతున్నారు. వంటసోడా, నిమ్మ ఉప్పు నీళ్లలో కలిసి పొంగడమే ఇందులోని విశేషం. మన చర్మానికి సహజంగా కొంచెం ఆమ్లగుణం ఉంటుంది. వంటసోడా క్షారం. తరచుగా వాడితే చర్మం పొడిబారుతుంది. నిమ్మ ఉప్పు కంట్లో పడితే వెంటనే 15 నిమిషాలు మంచినీళ్లతో కడిగి, డాక్టరుకు చూపించండి.

చంటిబిడ్డలు: మొదటి స్నానం పుట్టిన 24 గంటల తరువాతే చేయించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. తొలి నెలల్లో గోరువెచ్చని నీళ్లు చాలు. బొడ్డు మీద పసుపు, పిండి, నూనె వేయకూడదు. ముక్కులో నూనె పోయడం, నోటితో ఊదడం ప్రమాదం. పొడిపిండి బిడ్డ మీద చల్లితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అమ్మమ్మలు, నాయనమ్మలు ఈ ఒక్క విషయంలో మా మాట వినాలి.

కాస్త పెద్ద పిల్లలకైతే పిండిని ముద్దగా తడిపి, ముందు మోచేతి మడతలో కొంచెం రాసి ఒక రోజు చూడండి. దురద, ఎరుపు లేకపోతేనే వాడండి.

స్నానం తరువాత దద్దుర్లు, పెదవుల వాపు, పిల్లికూతలు, ఆయాసం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి. వాడిన పిండిని కొంచెం పొట్లం కట్టి వెంట తెండి. కారణం తెలుసుకోవడం తేలికవుతుంది.